గోడకు కన్ను

పదో తరగతి పరీక్షలని మా అమ్మాయి గదిలో కెమెరా పెట్టించాను. జహీరాబాద్ బజారులో బట్టల దుకాణం నాది. అక్కడ కూర్చునే ఫోన్‌లో ఆమెను చూస్తాను. కునికితే కెమెరాలోంచే కేకేస్తాను. "మంచిగ చేసినవ్ సేటూ" అని గిరాకులు మెచ్చుకుంటే పొంగిపోయేవాణ్ణి.

నిన్న మధ్యాహ్నం ఆమె చేతిలో కథల పుస్తకం కనిపించింది. అట్ట మీద జైలులాంటి ఊరి బొమ్మ.

"గిసొంటి భయం కథలెందుకు బిడ్డా?" అని అరిచాను.

ఆమె తలెత్తలేదు. "గీ కథల గోడలకు కండ్లుంటయ్ డాడీ. గట్ల సూసుడు తప్పు అని అందుల పిల్లలందరికీ తెలుసు. ఈడ నాకొక్కదానికే తెలుసు."

దుకాణంలో అందరూ విన్నారు. తల కొట్టేసినట్టయి ఫోన్ బోర్లించాను. కానీ ఆ సంగతి ఆమెకెలా తెలుస్తుంది? నేనింకా చూస్తున్నాననుకుని నిటారుగానే కూర్చుని ఉంటుంది.