అద్దాల ముద్ద

మొన్న తిరుచానూరు పోస్టాఫీసులో ఒకాయన పార్శిలుకు సీలు వేయడానికి లక్క కరిగిస్తుంటే, ఆ వాసన తగలగానే నా కళ్లు నేలమీదకి పోయాయి. నేనేదో పారేసుకున్నానని పక్కనున్నావిడ కూడా వంగి వెతకడం మొదలుపెట్టింది. ఆవిడకేమని చెప్పను? లక్క వాసన వచ్చేచోట కిందకి చూడకుండా అడుగు వేయకూడదని నడక వచ్చినప్పటినుంచీ మాకు నేర్పారు మరి.

మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, గాజుముక్కలతో నగలు చేసేది. వీధి వసారా అంతా ఆమెదే. కొబ్బరి చిప్పల్లో ఎరుపు, పచ్చ, నీలం, తేనెరంగు ముక్కలు వేరువేరుగా ఉండేవి, మూలన కుంపటిమీద లక్క కరుగుతుండేది, ఆమె ఒళ్లో పలక ఉండేది. ఏది చేసినా ముందు ఆ పలకమీద గీసి, చెరిపి, మళ్లీ గీసి, నగలో వచ్చే చిలక ముక్కు వంపు తనకు నచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఎండలు ముదిరి ఊళ్లలో భారతం ఆటలు మొదలయ్యే ముందు సత్యవేడు వైపు నుంచి వీధినాటకాల వాళ్లు కిరీటాలకూ భుజకీర్తులకూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. కిరీటం పూర్తికాగానే వసారా మేకుకు తగిలించి, తాను వీధి చివరిదాకా నడిచివెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి చూసేది. చిట్టచివర కూర్చుని ఆట చూసేవాడి కంటికి ఎలా ఉంటుందో ఆమెకు కావాలి. నచ్చకపోతే అంత పనినీ ఊడబెరికేసేది, నాటకాలవాళ్లు ఎంత మొత్తుకున్నా సరే. అంత మొండి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ తళుకంతా చూసేవాళ్లకి. ఇంట్లో మాకు దక్కింది భయం. అందరి ఇళ్లలో చెప్పులు గడప బయట విడిస్తే, మేము వంటింట్లోకీ దేవుడి దగ్గరికీ తప్ప ఇల్లంతా చెప్పులతోనే తిరిగేవాళ్లం. పని ముగిశాక అవ్వ గుప్పెడు గోధుమపిండి తడిపి ముద్దచేసి, వసారా నేలంతా దొర్లించేది. చీపురుకు చిక్కని గాజు నలుసులు ఆ ముద్దకు అంటుకునేవి. దాన్ని కాగితంలో చుట్టి పెరట్లో గుంటలో వేసి, పైన బండ మూసేది. నేను పుట్టకముందు ఎప్పుడో బండ మూయడం మరిచిపోతే, ఎదురింటివాళ్ల దూడ ఆ ముద్ద తిని, మూడో రోజుకు చచ్చిపోయిందట. ఆ మాట విన్నప్పటినుంచీ ఆ అద్దాల ముద్దంటే నాకు పామును చూసినంత భయం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఉగాదినాడు, నాటకాల అయ్యవారు కిరీటం తీసుకుపోవడానికి పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. తొందరలో అవ్వ చెయ్యి తగిలి పచ్చముక్కల చిప్ప బోర్లాపడి కొన్ని పగిలాయి. పెద్దవి ఆమె ఏరుకుంది.

"పాపా, ముద్ద సేసి దొర్లించే. నాకు ఈడ సెయ్యి కాళీ లేదు" అంది.

పిండి తడపడానికి నాకు బద్ధకం. అమ్మ ఓళిగలకని, అదే బొబ్బట్లకని, పిండి కలిపి, నూనె రాసి నాననిచ్చింది కదా, అందులోంచి ఒక ముద్ద గిల్లి తెచ్చి నేలంతా దొర్లించాను. ముద్దను చుట్టే కాగితం కోసం వంటింట్లోకి వెళ్లేసరికి, వసారాలో అయ్యవారు కిరీటం నెత్తిన పెట్టుకుని, "అవ్వా, ఎట్టుండాది సూడు!" అంటున్న మాట వినబడింది. ముద్దను ఆ పిండిగిన్నె మూతమీదే పెట్టేసి పరిగెత్తాను. ఆయన మీసం తిప్పి రెండు అడుగులు వేసి చూపించాడు, నేను చప్పట్లు కొట్టాను, ఆయన కిరీటం గుడ్డలో కట్టుకుని వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేసరికి మూతమీద ముద్ద లేదు. అమ్మ ఓళిగలు తడుతోంది.

తన పిండే పక్కకు పడిందనుకుని అమ్మ దాన్ని గిన్నెలో కలిపేసిందని అర్థమైంది. అరిటాకుమీద ఆమె వేళ్లు తిరుగుతుంటే నెత్తురు కనబడుతుందేమోనని వాటినే చూస్తూ వంటింటి గడప బయట నిలబడ్డాను. చెబితే నాయన తోలు తీస్తాడు. చెప్పకపోతే? మూడేళ్ల తమ్ముడు అప్పటికే ఆకు ముందు కూర్చుని, "నాకు, నాకు" అని చెయ్యి చాపుతున్నాడు. దేవుడికి పెట్టాక ఇస్తానని అమ్మ వాణ్ని బుజ్జగిస్తోంది. దేవుడి దగ్గర నాయన గంట మోగిస్తున్నాడు. ఆ గంట ఆగితే ఇక అంతే.

నా చిన్న బుర్రకు ఒకటే తోచింది. చెప్పులతో వంటింట్లోకి పోయి ఓళిగల పళ్లెంలో కాలు పెట్టాను.

నాయన కొట్టిన దెబ్బకు చెవి గింగురుమంది. అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం గండం గడిచిందనే అనిపించింది. అంతలో అమ్మ కళ్లు తుడుచుకుని పళ్లెం ఎత్తుకుంది.

"ఇంగేం సేసేది, ఎదురింటోళ్ల ఆవుకన్నా పెట్టొస్తా."

"వద్దమ్మా! దాంట్లో అద్దం ఉండాది!" అని అరిచాను.

అవ్వ వచ్చి పళ్లెం అందుకుని కింద కూర్చుంది. ఒక్కొక్క ఓళిగనూ నీళ్లలో పిసికి, తెల్లటి గుడ్డలో వడగట్టింది. చివరికి గుడ్డమీద మూడు పచ్చటి నలుసులు మిగిలాయి. ఒకటి బియ్యపుగింజ కన్నా పొడుగుంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని తమ్ముడి వైపు చాలాసేపు చూసింది. ఆ తర్వాత నన్నెవరూ ఒక్కమాట అనలేదు. ఇంకో నాలుగు దెబ్బలు పడినా బాగుండేదని ఏడ్చాను.

మర్నాడు పొద్దున అవ్వ చిప్పల్లోని ముక్కలన్నీ పెరటి గుంటలో పోసేస్తుంటే అమ్మ అడ్డుపడింది.

"అత్తా, బిడ్డ తెలీక సేసింది. మీ పని మీరెందుకు మానుకుంటారు?"

"సెయ్యి వణకతా ఉండాదే. ఈ సేత్తో అద్దం పట్టుకుంటే రేపు ఇంకెవురికి ఏమైతాదో" అంది అవ్వ.

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది గానీ ఒక్క గీత గీయలేదు. పలక నాకిచ్చేసింది. దానిమీద నేను ఎక్కాలు రాసుకున్నాను.

ఇప్పుడు భారతం ఆటల్లో కిరీటాలు ప్లాస్టిక్‌వి, రాళ్లు అంటించేవి. వీధి చివరికి నడిచిపోయి వెనక్కి తిరిగి చూసేవాళ్లు లేరు. పోయిన ఉగాదికి నాయుడుపేటలో తమ్ముడి ఇంటికి వెళ్లాను. వాడికి తల నెరిసింది. ఆనాటిదేదీ వాడికి గుర్తులేదు. ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

"అక్కా, అవ్వ సేసింది ఒక్కటన్నా దాసిపెట్టలేదే మీరు. అంత పని ఎందుకు మానేసిందో!" అంటూ ఓళిగ తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

వాడు నమిలి మింగేదాకా నేను నా ఆకులో చెయ్యి పెట్టలేదు.