ఉడతల దారి చూసిన తాత

సున్నం తాత పోయాడు. మొన్న పొద్దున్న నేను లైబ్రరీ తలుపు తీస్తుంటే ఆయన మనవరాలు ఫోన్ చేసింది. "అక్కా, తాత ఎలిపోనాడు. నిద్దర్లోనే. ఏ బాదా పడనేదు" అంది. ఆయన పడలేదేమో గానీ, నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

పాతపట్నం దగ్గర మా లైబ్రరీ జమీందార్ల నాటి బంగళాలో ఉంది. గానుగలో రుబ్బిన డంగు సున్నం గోడలు, టేకు దూలాలు. మా చుట్టుపక్కల ఆ పని తెలిసిన మేస్త్రీ తాత ఒక్కడే. కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్ళతో సున్నం కలిపేవాడు. మీరు నమ్మరు గానీ, కలిపే ముందు ఆ నీళ్ళు వేలితో నాకి చూసేవాడు. "ఇంకా సాల్దు" అని మరో బెల్లం ముక్క వేసేవాడు. తనకోసమే వేసుకుంటున్నాడని నా అనుమానం.

మా బాధంతా ఉడతలతో. దూలం గోడలోకి దిగే చోట సందులు చేసుకుని అటక ఎక్కేవి. పుస్తకాల అట్టలు పీకి గూళ్ళు కట్టేవి, కరెంటు వైర్లు కొరికేవి. ఓసారి మీటరు దగ్గర మంట లేచింది. తనిఖీకి వచ్చిన అధికారి, "వారంలో ఉడతలు రాకుండా చెయ్యండి. లేకపోతే బంగళాకి తాళం వేసి, పుస్తకాలు గోడౌన్లో పడేస్తాం" అన్నాడు.

తాతని పిలిపిస్తే, ఆయన వాటిని తోలనైనా తోలలేదు. మూడు రోజులు జామచెట్టు కింద పీట వేసుకుని చూస్తూ కూర్చున్నాడు.

"ఏటి తాతా, ఉడతల్ని సూడ్డానికి పిలిసినానా నిన్ను?" అన్నాను.

"ఉడతని కాదే అమ్మీ, దాని దారి సూడాల. పక్కనే కొత్త ఆఫీసుంది కదా, దాంట్లోకి ఎందుకెల్దు?"

నిజమే, ఎందుకెళ్ళదు? అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

"ఈ గోడ సల్లదనం కోసమే ఇటొస్తాది. ఆ సిమెంటు గోడలో ఉడికి సస్తాది" అని నవ్వాడు.

తర్వాత కప్పుని తాకే కొమ్మ నరికాడు. ప్రతి సందు ముందూ బియ్యప్పిండి చల్లాడు. మర్నాడు అడుగులు పడని సందులన్నీ పూడ్చేశాడు. అడుగులు పడ్డ ఒక్కదాన్ని మాత్రం ముట్టలేదు.

"దీంట్లో పిల్లలున్నాయి. ఎల్లినాక మూద్దాం."

తనిఖీ ఎల్లుండే. నాకు ఒళ్ళు మండింది. ఆయన భోజనానికి వెళ్ళగానే నిచ్చెనెక్కి, ఆయన కలిపి పెట్టిన సున్నంతోనే ఆ సందు మూసేశాను. పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను!

కాసేపటికే తల్లి ఉడత గోడ పట్టుకుని ఒకటే అరుపు. తాత వచ్చాడు. గోడని చూశాడు, నా చేతులకున్న సున్నాన్ని చూశాడు. నిచ్చెనెక్కి, పచ్చి సున్నాన్ని వేళ్ళతోనే తోడేశాడు.

"లోపల సస్తే ఆ కంపుకి పుస్తకాలు సదవడానికి ఎవులొస్తారే?" అన్నాడు కిందికి దిగి. అంతే. అంతకుమించి తిట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అధికారి వస్తే తాతే ఎదురెళ్ళాడు. "బాబూ, మంట రాకుండా ఐదు రోజులు కరెంటు మెయిన్ కట్టీసి ఉంచండి. ఆరో రోజుకి ఒక్కటున్నా నన్నే లోపలెట్టి తాళమేసీండి." అధికారి నవ్వేసి ఒప్పుకున్నాడు. నాలుగో రోజు తాత గోడకేసి చూసి "ఎలిపోనాయి" అని సందు మూశాడు. బంగళా నిలిచింది.

ఈ ఏడు తూర్పు వరండాలో కొత్త సందు పడింది. కొత్త అధికారి రేపు వస్తాడు. ఈ పొద్దున్న సున్నం నేనే కలుపుకుని నిచ్చెన కింద నిలబడ్డాను. తల్లి ఉడత బయటికొచ్చింది, నోట్లో కళ్ళు తెరవని పిల్ల. గోడ అంచు మీదుగా చెట్టుకి మోసుకుపోయింది. మళ్ళీ వచ్చి రెండోదాన్ని పట్టుకెళ్ళింది. ఇంకా ఎన్నున్నాయి లోపల? అయిపోయాయని తాతకెలా తెలిసేది? నేను అడగనే లేదు. తాపీ పట్టుకుని చూస్తున్నాను. ఉడత మళ్ళీ సందు దగ్గరికొచ్చి, తల లోపలికి పెట్టింది.