రొయ్యల చెరువు చుట్టూ క్రాస్ కంట్రీ

పరుగు పందెంలో ఓడిపోయినవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. కాలు బెణికినవాళ్ళుంటారు, ఊపిరందక కూలబడ్డవాళ్ళుంటారు, సగం దూరంలో విసుగొచ్చి బడ్డీకొట్టు దగ్గర నిమ్మకాయ సోడా తాగుతూ ఆగిపోయినవాళ్ళూ ఉంటారు. అందరికన్నా ముందు పరిగెడుతూ, జిల్లాలో ఉన్న ఆడపిల్లలందర్నీ వెంటేసుకుని, చుట్టపుచూపుగా రొయ్యల దగ్గరికి వెళ్ళి ఓడిపోయినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. ఆ ఘనకార్యం గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. మీకు నవ్వొస్తే మొహమాటపడకండి. మా అమ్మ ఇప్పటికీ చేతిలో లేసు పక్కన పెట్టి మరీ నవ్వుతుంది.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. పొద్దున్నే లేవడం, జడలు వేసుకోవడం, బస్సు అందుకోవడం అనే మూడు పనుల్లో నాకు మొదటిది రాదు, రెండోది ఆలస్యం, అందుకని మూడోది జరిగేది కాదు. రోజూ బస్సు వెనకాల పుస్తకాల సంచీ ఎగరేసుకుంటూ పరిగెత్తేదాన్ని. తర్వాతి స్టాపులో దాన్ని పట్టుకునేదాన్ని కూడా. ఒకరోజు అదే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మా పీఈటీ సుబ్బరాజు గారు ఈ దృశ్యం చూశారు.

"ఏమ్మా భవానీ, రోజూ బస్సు తప్పిపోతోందా, నువ్వే కావాలని వదిలేస్తున్నావా?"

"తప్పిపోతోందండి."

"అయితే రేపట్నుంచి బస్సు లేకుండానే పరిగెత్తు. కాలవ గట్టు మీదకి తెల్లారకుండా వచ్చెయ్యి."

అలా నేను క్రాస్ కంట్రీ రన్నర్నయ్యాను. క్రాస్ కంట్రీ అంటే మైదానంలో గీతల మధ్య గుండ్రంగా తిరగడం కాదు. పొలం గట్లు, కాలవ గట్లు, మట్టి రోడ్లు, బురద, అన్నీ దాటుకుంటూ పోవడం. నాకు ప్రాణం లేచొచ్చింది. చీకటుండగానే గట్టెక్కి, కొబ్బరి చెట్ల మధ్యనుంచి సూర్యుడు కనిపించే వేళకి వెనక్కి తిరిగేదాన్ని. ఒంట్లో ఎముకలే లేనట్టు తేలిగ్గా ఉండేది. నిజం చెప్తున్నాను, అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

ఇబ్బందల్లా ఏమిటంటే, పరుగయ్యాక మొదటి పీరియడు ఫిజిక్సు. మా ఫిజిక్సు సారు కామేశ్వరరావు గారి గొంతు మహా కమ్మగా ఉంటుంది. ఆ గొంతుకి, పైన తిరిగే ఫ్యాను గాలికి, తిన్న ఇడ్లీలకి నేను ఒక్కదాన్నే జవాబుదారీనా మీరే చెప్పండి.

ఒకరోజు ఆయన పాఠం ఆపి నా బెంచీ దగ్గర నిలబడ్డారు.

"భవానీ, జడత్వానికి ఒక ఉదాహరణ చెప్పమ్మా."

నేను ఉలిక్కిపడి లేవబోయాను.

"లేవకు, లేవకు. అలాగే పడుకో. పిల్లలందరూ చూసి రాసుకుంటారు."

ఈ వార్త నాకన్నా ముందు ఇల్లు చేరింది. ఇంటికెళ్ళేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. మా అమ్మకి కోపమొస్తే తల ఎత్తదు. సూది మాత్రం జోరందుకుంటుంది.

"బళ్ళో నిద్రపోతున్నావంట."

"కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నానమ్మా."

"గురక పెట్టి మరీ ఆలోచిస్తున్నావంట. ఇదిగో చూడు, నీ బూట్లు ఈ లేసు అల్లే కొన్నాను. పరిగెత్తు, నేనొద్దన్లేదు. హాఫియర్లీ పరీక్షల్లో ఫిజిక్సు పాసవ్వలేదనుకో, ఆ బూట్లు అటకెక్కుతాయి. మళ్ళీ దిగవు."

మా అమ్మ మాటంటే మాటే. అంతకుముందు మా తమ్ముడి క్యారమ్ బోర్డు ఒకటి అలాగే అటకెక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక చూస్కోండి, నా తలరాత ఎంత బాగుందో. జిల్లా క్రాస్ కంట్రీ పోటీ ఏ రోజున పెట్టారు? సరిగ్గా ఫిజిక్సు పరీక్షకి ముందురోజున. అందులో నెగ్గితే రాష్ట్ర పోటీలకి పంపిస్తారు. వెళ్ళకపోతే సుబ్బరాజు గారి మొహం చూడలేను. వెళ్తే చదువుకోడానికి టైముండదు. రెండూ చేసేస్తానని ఇద్దరికీ మాటిచ్చాను. గైడులోంచి ఒక పేజీ చింపి, మడిచి, మేజోడులో దోపుకుని వ్యానెక్కాను.

పోటీ భీమవరం పక్కనున్న ఒక ఊరి బళ్ళో. బడి చుట్టూ ఎటు చూసినా రొయ్యల చెరువులే. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా వైపు రొయ్యల చెరువు గట్ల మీద వరసగా కర్రలు పాతి, ఒక పక్క ఎర్రగా, ఇంకో పక్క వెండిలా మెరిసే రిబ్బన్లు కడతారు. గాలికి అవి తళతళమంటూ గుర్రుమంటుంటే కొంగలు బెదిరి రొయ్యల జోలికి రావు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న రిబ్బన్లే. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆరోజు నాకు గుర్తు లేదు.

పోటీకి ముందు అమ్మాయిలందర్నీ నిలబెట్టి, పోటీ జరిపించే సారు ఒకాయన దారి ఎలా ఉంటుందో వివరిస్తున్నారు. నేను వరండా స్తంభం వెనకాల కూర్చుని మేజోడులోంచి పేజీ తీశాను. "వస్తువు ప్రయాణించిన మార్గం మొత్తం పొడవు దూరం. బయల్దేరిన చోటికీ చేరిన చోటికీ మధ్య సూటిగా కొలిచేది స్థానభ్రంశం. దూరం... స్థానభ్రంశం..." మధ్యలో ఒక్కసారి తలెత్తితే, "ఎర్ర రిబ్బన్లు ఎటుంటే అటు వెళ్ళండి" అన్న ముక్క చెవిన పడింది. సరే, తెలిసిపోయింది కదా అని మళ్ళీ స్థానభ్రంశంలోకి దిగిపోయాను. ఆయన ఆ తర్వాత ఏమన్నారంటే, "అది బడి గేటు దాటేవరకే. కాలవ గట్టు మీదకొచ్చాక సున్నం గీత పట్టుకోండి. అక్కడ కనబడే రిబ్బన్లు చెరువులవి, వాటి జోలికి పోకండి" అని. ఈ రెండో ముక్క నాకు సాయంత్రం తెలిసింది.

విజిలు వేశారు. బాణంలా దూసుకుపోయాను. గేటు దాటేసరికే నా ముందు ఎవరూ లేరు. కాలవ గట్టు మీద చల్లగాలి, వెనకాల డజన్ల కొద్దీ అడుగుల చప్పుడు, ముందు ఖాళీ దారి. రాష్ట్ర పోటీలకి ఏ బట్టలు సర్దుకోవాలో కూడా అప్పుడే ఆలోచించేశాను.

ఇంతలో దారి రెండుగా చీలింది. ఎదురుగా సున్నం గీత, ఎడమ పక్క చెరువు గట్టు మీద ఎర్ర రిబ్బన్లు. గీత నాకు కనబడలేదని అబద్ధం చెప్పను. కనబడింది. పంచాయతీవాళ్ళు పైపులైను కోసం గీసుకున్నారేమో అనుకున్నాను. రిబ్బన్లు మాత్రం ఎంత ముద్దుగా కట్టారు, జిల్లా పోటీ అంటే ఏర్పాట్లు ఇలా ఉండాలి అని మెచ్చుకుంటూ ఎడమకి తిరిగాను. నన్ను నమ్మి వెనకాల వాళ్ళందరూ తిరిగారు.

చెరువు పెద్దది. ఒక మూల పాక, పాక ముందు ఒక గోధుమరంగు కుక్క, రొయ్యలకి గాలి అందేలా నీళ్ళలో తిరిగే చక్రాలు. అన్నీ దాటుకుంటూ పోయాను. కాసేపటికి మళ్ళీ ఒక పాక, మళ్ళీ ఒక గోధుమరంగు కుక్క. "ఈ ఊళ్ళో అందరూ ఒకే రకం కుక్కల్ని పెంచుతారు కాబోలు" అనుకున్నాను. ఆ కుక్క కూడా నన్ను ఎక్కడో చూసినట్టే చూసింది.

ఇంకొంచెం ముందుకెళ్తే నాకు గుండె ఆగినంత పనైంది. నా ముందు ఎవరో పరిగెడుతున్నారు! ఎవరు వీళ్ళు? నన్నెప్పుడు దాటారు? పళ్ళు బిగించి వేగం పెంచి పక్కకెళ్ళి చూస్తే, మా బడి పిల్ల మౌనిక. రొప్పుతూ, కుంటుతూ కాళ్ళీడుస్తోంది.

"ఒసేయ్ మౌనికా! నన్నెప్పుడు దాటావే?"

"దాటడమేంటే? నేను నీ వెనకాలే వస్తున్నాను!"

"నా వెనకాల వచ్చేదానివి నా ముందెలా ఉన్నావే?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. నువ్వు నా వెనకాలకి ఎందుకొచ్చావ్?"

ఇద్దరం పరిగెడుతూనే ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత చెరువు వైపు చూశాం. అవతలి గట్టు మీద పిల్లలు, ఇవతలి గట్టు మీద పిల్లలు, ఆ మూల నుంచి ఈ మూల దాకా దండ గుచ్చినట్టు పిల్లలే పిల్లలు. సరిగ్గా అప్పుడు పాకలోంచి లుంగీ ఎగ్గట్టుకుంటూ చెరువు కాపలా ఆయన బయటికొచ్చాడు.

"ఓరి నాయనోయ్! ఏంటమ్మా ఈ ప్రదక్షిణాలు? రొయ్యలకేమైనా మొక్కుకున్నారా?"

"పోటీ అండి! జిల్లా పోటీ! ఈ రిబ్బన్లు..."

"అయ్యి కొంగలకి కట్టిన రిబ్బన్లమ్మా! మీకు కాదు!"

ఆ మాట విన్నాక జిల్లాలో ఉన్న కొంగలన్నిటికన్నా నాకే బుద్ధి తక్కువని తేలిపోయింది. అవి రిబ్బను చూసి దూరంగా పోతాయి, నేను దగ్గరికొచ్చాను.

అక్కడితో అయిందా? కాలేదు. గట్టు దిగబోతుంటే ఆయన చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. చెరువులోకి జబ్బులు రాకుండా దారి మొదట్లో ఒక తొట్టెలో ఊదారంగు మందునీళ్ళు పోసి పెడతారు. అందులో కాళ్ళు ముంచనిదే ఎవర్నీ రానివ్వరు.

"కాళ్ళు ముంచకుండా వచ్చేశారు. వైరస్ వస్తే మా ఓనరుగారికి ఏం చెప్పను? వరసలో రండి, ముంచండి!"

"మేం వెళ్ళిపోతున్నాం కదండీ!"

"ఆయ్, వెళ్ళేటప్పుడైనా ముంచాల్సిందే! తోసుకోకండమ్మా, మెల్లగా. ఇంతకీ మిమ్మల్నందర్నీ తోలుకొచ్చిందెవరు?"

డజన్ల కొద్దీ వేళ్ళు ఒక్కసారే నా వైపు తిరిగాయి.

"అయితే నువ్వు ఆఖర్న ముంచు తల్లీ."

తెల్లటి బూట్లు ఊదారంగు నీళ్ళలో ముంచి, అందరికన్నా వెనక మళ్ళీ బయల్దేరాను. ఏడుస్తూ పరిగెత్తాను. అంత కసిగా నా జన్మలో ఎప్పుడూ పరిగెత్తలేదు. ఒక్కొక్కళ్ళనే దాటుకుంటూ, చీవాట్లు తింటూ, సున్నం గీత మీద అడుగు తప్పకుండా వెళ్ళాను.

ఫస్టు ఎవరొచ్చారో తెలుసా? కుమారి అని ఆచంట వైపు పిల్ల. మొదట్లోనే బూటు ఊడిపోయి, కట్టుకునేసరికి అందరూ మాయమైపోయారట. పాపం, ఎవరూ కనబడక సున్నం గీత వెంబడే నింపాదిగా వచ్చేసింది. ముగింపు గీత దాటి ఏడుపు మొహంతో, "నేను లాస్టా అండీ?" అని అడిగిందట. "కాదమ్మా, ఫస్టు" అంటే నమ్మక, "మరి మిగతావాళ్ళందరూ ఏరండీ?" అందట.

ఎంపికైనవాళ్ళ పేర్లు చదివారు. నా పేరు లేదు. వ్యాను వెనకాల కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. సుబ్బరాజు గారు వచ్చి పక్కన నిలబడ్డారు. తిడతారనుకున్నాను.

"చెరువు చుట్టూ ఎన్నిసార్లు తిరిగావమ్మా?"

"ఒక రౌండయ్యి రెండోది మొదలెట్టానండి."

"అంత తిరిగి, ఆఖర్న బయల్దేరి, ఇంతమందిని దాటావంటే నీ కాళ్ళకేం లోటు లేదు. చెవులకే ట్రైనింగివ్వాలి. ముందు రేపు పరీక్ష పాసై రా."

ఆ రాత్రి పుస్తకం తెరిచానో లేదో, నిద్ర ముంచుకొచ్చేసింది. తెల్లారి పరీక్ష హాల్లో పేపరు అందుకున్నాను. అటక, అటక మీద క్యారమ్ బోర్డు, దాని పక్కన నా బూట్లు కళ్ళ ముందు కదిలాయి. పేపరు తిప్పాను. అక్కడుంది: "దూరానికీ స్థానభ్రంశానికీ తేడాను నిత్యజీవితంలోని ఉదాహరణతో వివరించుము."

నా కలం ఆగలేదు. "ఒక క్రీడాకారిణి పాక దగ్గర బయల్దేరి రొయ్యల చెరువు చుట్టూ ఒక రౌండు తిరిగి మళ్ళీ అదే పాక దగ్గరికి వచ్చెను. ఆమె పరిగెత్తిన దూరం చాలా ఎక్కువ. ఆమె స్థానభ్రంశం సున్నా. ఆమెను నమ్మి వెంట వెళ్ళినవారు కూడా రౌండు పూర్తి చేసినచో వారి స్థానభ్రంశం కూడా సున్నా." బొమ్మ వేశాను. పాక పెట్టాను. కుక్కని కూడా పెట్టాను.

పేపర్లు ఇచ్చేరోజు కామేశ్వరరావు గారు నా జవాబు క్లాసులో పైకి చదివారు. పిల్లలు బెంచీలు విరిగేలా నవ్వారు.

"ఈ ఉదాహరణ ఏ గైడులో ఉందమ్మా?"

"గైడులో లేదండీ. గట్టు మీద ఉంది."

"ఇన్నేళ్ళుగా ఈ పాఠం చెప్తున్నాను. ఇంత కష్టపడి నేర్చుకున్న పిల్లని చూడలేదు" అని ఆ ప్రశ్నకి ఉన్న మార్కులన్నీ వేసేశారు. ఆ మార్కులతోనే గట్టెక్కాను.

ఇంటికెళ్ళి కాగితం అమ్మ ఒళ్ళో పెట్టాను. అమ్మ ఈసారి తలెత్తింది. మార్కులు చూసింది, చెరువు బొమ్మ చూసింది, కుక్కని చూసింది. మరక వదలని నా బూట్లు కూడా చూసింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి, "పో, రేపు పొద్దున్నే లేవాలిగా, తొందరగా పడుకో" అంది. బూట్లు అటకెక్కలేదు.

మరుసటేడు మళ్ళీ అదే ఊళ్ళో పోటీ. ఈసారి అందరికన్నా ముందు వరసలో నిలబడి, చెవులు రిక్కించి విన్నాను. దారి వివరించే ఆయన గొంతు సవరించుకుని, "జాగ్రత్తగా వినండమ్మా. కాలవ గట్టెక్కాక భవానీ మలుపు వస్తుంది. అక్కడ మాత్రం ఎవరూ తిరగకూడదు" అన్నారు.

నా పక్కనున్న కొత్తపిల్ల చెయ్యెత్తింది. "భవానీ ఎవరండీ? ఆ మలుపులో చనిపోయారా?"

"లేదమ్మా" అన్నారు సుబ్బరాజు గారు చల్లగా. "నీ పక్కనే నిలబడి బూటు లేసులు కట్టుకుంటోంది."

ఆరోజు ఆ మలుపు దగ్గర నేను తల తిప్పి కూడా చూడలేదు. కుక్క పలకరింపుగా మొరిగినా ఆగలేదు. రాష్ట్ర పోటీలకి ఎంపికైనవాళ్ళ పేర్లలో నా పేరు చదివినప్పుడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఆ కొత్తపిల్లే.

కాబట్టి, ఊదారంగు నీళ్ళలో కుడికాలు పెట్టి, గోధుమరంగు కుక్క సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరైనా దారి చెబుతుంటే చివరి ముక్క దాకా వింటాను, మేజోళ్ళలో కాళ్ళు తప్ప ఇంకేమీ పెట్టను, కొంగల కోసం కట్టినదేదీ నా కోసమే కట్టారని ఈ జన్మలో అనుకోను.