ఒక ఫోను, రెండు మోటర్లు

చేవెళ్లల మా హార్డ్‌వేర్ దుకాణంల పెరిగిన. మనిషి నడక చూసి బేరం ఎక్కడ తెగుతదో చెప్పగలనని నాకు జర పొగరు. ఇప్పుడు మొయినాబాద్‌ల వ్యవసాయ మోటర్ల కంపెనీల పని. రైతుల ఫిర్యాదులు చూసే ఏఐ ఒకటున్నది. ఒక్కో ఫిర్యాదు ఒక టికెట్. టికెట్లు కలిపేది, మూసేది, మెకానిక్‌ను పంపేది, గిట్ల దానికి కొన్ని పనిముట్లు. ఒక్కోదాని పక్కన నేను రాసిన నాలుగు మాటలు చదివే, ఏది ఎప్పుడు వాడాల్నో అది తేల్చుకుంటది.

కలిపేదానికి దుకాణం బోర్డు రాసినట్టే రాసిన: "ఒకే కస్టమర్ టికెట్లన్నీ చిటికెల కలిపేస్తది." చదువుకొని నేనే మురిసిపోయిన.

ఒకనాడు కనకమామిడి నుంచి ఒక అవ్వ ఫోన్ చేసింది. ఆమెది చామంతి తోట. మోటర్ ఆగిపోతే పక్క చేనుల ఉన్న మరిది ఫోన్ నుంచి టికెట్ పెట్టించిందట. అదే పొద్దున మరిది తన మోటర్ కోసం ఇంకోటి పెట్టిండు. ఫోన్ నంబరు ఒకటేనని ఏఐ రెండు టికెట్లను ఒకటి చేసింది. మెకానిక్ పోయి మరిది మోటర్ బాగుచేసి వచ్చిండు. అంతటితో టికెట్ మూసేసిండ్రు.

"మోటర్ బాగైందని మెసేజ్ వచ్చింది బిడ్డ. మరి నీళ్లెక్కడ? మొగ్గలన్నీ తలలు ఏలాడేసినయ్."

మెకానిక్‌ను వెంటనే అవ్వ తోటకు పంపిన. మా సార్ మాత్రం ఈ పనికి ఏఐ వద్దే వద్దన్నడు. నేను బేరానికి దిగిన: సాయంత్రం దాక టైమియ్యండి, ఆ రెండు టికెట్లే కొత్తగ పెట్టి దానికి మళ్లీ చూపిస్త, అప్పటికీ కలుపుతుంటే మీ మాటే. సార్ సరేనన్నంక తెలిసింది, వారం అడిగి సాయంత్రానికి దిగాల్సింది. దుకాణపోళ్ల ఇంట్ల పుట్టి గిదేం బేరం.

ముందు "జాగ్రత్తగ కలపాలె" అని ఒక మాట చేర్చిన. అది ఎంతో జాగ్రత్తగ మళ్లీ కలిపింది.

అప్పుడు దుకాణంల మా బాపు యాదికొచ్చిండు. తాడు కావాలని ఎవరొచ్చినా ముందు అడిగేటోడు, బకెట్‌కా, బర్రెకా అని. బర్రెకైతే ఇది వద్దు, తెంపుకుంటదనేటోడు. మంచితనమేం కాదు, తెగిన తాడు పట్టుకొచ్చి చేసే లొల్లి పడలేక. నేను మాత్రం ఎప్పుడు వద్దో ఒక్క ముక్క రాయలే.

మొత్తం కొట్టేసి, కూసోని మళ్ల రాసిన: "ఒకే మోటర్, ఒకే ఖరాబు మీద రెండు టికెట్లు వస్తేనే కలపాలె. ఫోన్ నంబరు ఒకటైనంత మాత్రాన కలపొద్దు. ఊర్లల్ల ఒక ఫోన్ నుంచి చుట్టుపక్కలోళ్లంత పెడతరు. మోటర్ మీది నంబరు తెలియకుంటే అడగాలె. కలిపినంక విడదీయరాదు." ఏ బోర్డు మీదా పట్టదు. ఈసారి అది కలపలే, రెండో మోటర్ నంబరు ఏందని అడిగింది. సార్ దాన్ని ఉండనిచ్చిండు. టికెట్ మూసేదాని పక్కన రాసింది కూడ అప్పుడే కొట్టేసి మొదటి నుంచి మొదలుపెట్టిన.

మొన్న కరెంట్ ఎక్కువ తక్కువై అవ్వ, మరిది ఇద్దరి మోటర్లు కాలినయ్. అదే ఫోన్ నుంచి రెండు టికెట్లు వస్తే రెండుగనే ఉన్నయ్. అవ్వ మళ్లీ ఫోన్ చేసింది, మీ మిషిన్, మోటర్ నంబరు చెప్పమని పానం తీసింది, బురదల దిగి చూసొచ్చిన అని. నీళ్లొచ్చినయా అని అడిగిన.

"రాకుంటే నీతోని గింత నిమ్మళంగ మాట్లాడుదునా?"