లోపల అనుకునే స్తోత్రం

మొన్న పెడనలో కొన్న అద్దకం చీర మడత విప్పగానే, రంగు పట్టడానికి బట్టను ముంచే కరక్కాయ వాసన వచ్చింది. నాకది సుభద్ర మేడమ్ వాసన. గుడివాడ దగ్గరి కాలేజీలో మాకు ఇంగ్లిషు చెప్పిన ఆవిడ పెడన అద్దకంవాళ్ళ ఆడపడుచు. ఏ రోజు చూసినా ఆ చీరలే కట్టేవారు.

నాది నాగాయలంక. చిన్నప్పటి నుంచీ చర్చిలో సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పినదాన్ని, జనమంటే భయం లేదనుకునేదాన్ని. మొదటి సెమినార్‌లోనే దేవుడు ఆ గర్వం అణిచాడు. రొయ్యల చెరువుల గురించి ఇంగ్లిషులో చెబుతూ, మాట తట్టక ఆగినప్పుడల్లా ప్రార్థనలో అలవాటు కొద్దీ "స్తోత్రం" అనేశాను. మూడోసారికి చివరి బెంచీ నుంచి "ఆమెన్" అన్నారు. క్లాసంతా నవ్వింది. సగంలోనే స్టేజీ దిగిపోయాను.

మర్నాడు కాలేజీ మానేద్దామని పెట్టె సర్దుకుని, చెప్పి వెళ్దామని స్టాఫ్ రూముకి వెళ్ళాను. మేడమ్ పేపర్లు దిద్దుతూ తలెత్తకుండానే అడిగారు.

"స్తోత్రం అంటే ఏంటమ్మా?"

"దేవుడికి కృతజ్ఞత చెప్పడమండీ."

"మాట దొరకనప్పుడు కూడానా?"

"అప్పుడే ఎక్కువండీ."

ఆవిడ నవ్వారు. "మిగతావాళ్ళు ఆఁ, ఊఁ అంటున్నారు. నీదే నయం కదమ్మా. మానకు. పైకి అనకుండా లోపల అనుకో. అంతసేపూ నోరు మూసుకుని మమ్మల్ని చూడు. మా ఇంట్లో అద్దేవాళ్ళు కూడా అచ్చుకీ అచ్చుకీ మధ్య చెయ్యి ఆపుతారు. తొందరపడితే రంగు అలుక్కుపోతుంది."

"మళ్ళీ నవ్వితేనండీ?"

"నవ్వనీ. చివరి బెంచీలో నేను కూర్చుంటాలే."

పెట్టె విప్పేశాను. వారం తర్వాత మళ్ళీ స్టేజీ ఎక్కాను. ఆవిడ అన్నట్టే, ఆమెన్ అన్నవాళ్ళ మధ్యలో కూర్చున్నారు. మొదట బాగానే సాగింది. తెల్లవారుజామున రొయ్యలు నీటి పైకి ఎందుకు తేలతాయో చెప్పబోతుంటే ఆక్సిజన్ అన్న మాట తట్టకుండా పోయింది. మా ఊరి చెరువుగట్ల మీద బడి మొహం చూడనివాళ్ళు కూడా రోజూ అనే మాట అది. పెదవులు బిగించి మేడమ్ వైపు చూశాను. ఏనాడూ చర్చి గుమ్మం ఎక్కని ఆవిడ పెదవులు చప్పుడు లేకుండా నా కోసం ఆ మాట అంటున్నాయి. స్తోత్రం.

మాట దొరికింది. ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు మచిలీపట్నంలో నేనే పాఠాలు చెబుతున్నాను. మాట తట్టనప్పుడు ఆగుతాను. మేడమ్ ఆలోచిస్తున్నారని పిల్లలు అనుకుంటారు. ఆ కాసేపట్లో నేను, ఆవిడను నాకిచ్చినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటాను.