రెండో నీళ్ళ క్యాను

కోరంగి మడ అడవిలో రెండు రోజులు గడుపుదామని, వారం పాటు వీడియోలు చూసి మరీ బ్యాగు సర్దుకున్నాను. దిక్సూచి, ఈల, మడత కత్తి, వీటన్నిటికంటే గర్వంగా ఎలాంటి నీళ్ళనైనా శుభ్రం చేసే ఫిల్టరు పెట్టుకున్నాను.

పడవ నడిపే సత్తిబాబు గారు ఆ ఫిల్టరును అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది ఉప్పు కూడా తీసేస్తుందాండీ?"

తీయదు. అక్కడి కాలువల్లో ఉండేదేమో ఉప్పునీరే.

ఆయన భార్య మంగ గారు నవ్వకుండా, రెండు క్యాన్ల మంచినీళ్ళు పడవలో పెట్టారు. ఒకటి చాలు కదా అన్నాను.

"రెండోది మీకు కాదండి."

అడవి లోపల, పోటు నీరు అందనంత ఎత్తున ఒక కొమ్మకు సత్తిబాబు గారు ఆ క్యాను కట్టారు. పోటు తగ్గి నీరు వెనక్కి పోతే పడవలు బురదలో కూరుకుపోతాయట. పెళ్ళైన కొత్తలో ఆయన అలాగే చిక్కుకుపోయి, గొంతెండిపోతుంటే, చెట్టుకు ఎవరో కట్టిన నీళ్ళే తాగి బతికారట.

"ఆ కట్టిందెవరో తెలిసిందాండీ?" అని అడిగాను.

"తెలిస్తే వాళ్ళింటికే పట్టుకెళ్ళి ఇచ్చేద్దునండి," అన్నారు ముడి బిగిస్తూ. "తెలీకే ఇక్కడ కడుతున్నాను."