పది లెక్కపెట్టిన మా అక్క

మా అక్కకు నోరు మూసుకుని ఉండడం చేతకాదు. చిన్నప్పుడు నా లెక్కల పరీక్షకు కిటికీ బయట నిలబడి మరీ జవాబులు అందించబోయిన మనిషి! అలాంటిదానికి బావ దొరికాడు. సైన్యంలో ఉండగా పేలుడులో తలకు దెబ్బ తగిలి ఇంటికొచ్చాక, ఏ పనైనా మొదలుపెడతాడు గానీ తర్వాతేమిటో మరిచిపోయి మధ్యలో ఆగిపోతాడు. ఆగీ ఆగకముందే అక్క అందుకుంటుంది.

"సబ్బు రాసుకోండి. నీళ్లు పోసుకోండి. తువ్వాలు అక్కడ!"

మూడేళ్లుగా ఇదే వరస. దుకాణంలో చేస్తున్న కుట్టుపని కూడా ఇందుకోసమే మానేసింది.

ఈమధ్య మాజీ సైనికుల తలగాయాల మీద పరిశోధన చేసేవాళ్లు అక్కాబావలిద్దరినీ చేర్చుకున్నారు. ఇంట్లోవాళ్లు ఎన్నిసార్లు గుర్తుచేస్తే పని పూర్తవుతుందో అక్కడ రాసుకుంటారు. బావ ఆగితే, అక్క మనసులో పది లెక్కపెట్టాకే నోరు విప్పాలి. మా అక్క లెక్క మూడు దాటితేగా! ఒక్క చొక్కా ఇస్త్రీకి పద్నాలుగుసార్లు అందించింది.

"మార్కులు పోయేది బావ తలవల్ల కాదే, నీ నోటివల్ల," అన్నాను.

"నీకేం, ఎన్నైనా చెప్తావు! చెయ్యి కాలితే?" అని నామీదికి లేచింది.

శుక్రవారం చివరి పరీక్ష. బావ టీ పెట్టాలి. మూడుసార్లకు మించి చెప్పించుకోకపోతే ఇంట్లో ఒంటరిగా ఉండొచ్చని రాసిస్తారు. కుట్టు దుకాణం ఆవిడేమో, అక్క మళ్లీ పనిలోకి వచ్చేట్టయితే మిషను సోమవారం దాకానే ఖాళీగా ఉంచుతానంది. నేను గోడపక్క కుర్చీలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

బావ పాలు పెట్టాడు, టీపొడి వేశాడు, చక్కెర డబ్బా ముందు ఆగిపోయాడు. వెనకాల అక్క పెదవులు కదులుతున్నాయి. ఎనిమిది, తొమ్మిది, పది. ఇక చెప్పొచ్చు. చెప్పలేదు! అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పాలు పొంగుకొస్తున్నాయి. నాకే కేక పెట్టాలనిపించింది. అప్పుడు బావ పొయ్యి వైపు తిరిగి, తనంతట తానే మంట ఆపాడు.

చక్కెర వెయ్యనేలేదు. అయినా పరీక్ష పెట్టే ఆవిడ కాగితం మీద, ఎన్నిసార్లు గుర్తుచేశారన్న చోట సున్నా వేసి నవ్వింది. మా అక్క బావురుమంది.

బావ కప్పు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"అంతసేపు పలకలేదేం? వెళ్లిపోయావేమోనని భయమేసింది."

"ఇక్కడే ఉన్నాగా! ఒక్కసారి వెనక్కి తిరిగి చూడకపోయారా?"

"చూద్దామనే అనిపించింది. సోమవారం నుంచి ఉండవుగా, అందుకే చూడలేదు."